ఆవిడ లెక్క ఎవరు చెప్పాలి?

జూలై నెల వచ్చిందంటే మధ్యతరగతి ఇళ్ళలో కాగితాల బొత్తులన్నీ బయటపడతాయి. బ్యాంకు వడ్డీ ఎంత, మేడమీద వాటా అద్దె ఎంత, ఇంటిపన్ను రసీదు ఏ సొరుగులో పెట్టాం... అంతా శ్రీవారి హడావిడే! వెనకటికి ఆడిటరుగారు పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి పంపితే, ఆ పక్కన సంతకం గీకేసి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడా సంతకమూ లేదు. ఫోనుకి ఓటీపీ వస్తుంది, "ఆ అంకె కాస్త చెప్పు" అంటారు, చెప్పేస్తాం. మన పేరుతో దాఖలయ్యే ఆ రిటర్నులో ఏముందో చదివినవాళ్ళు మనలో ఎంతమంది?

ఈ కాగితం దగ్గర మొదలైన పేచీలో ఇంగ్లండులో ఒకాయన ఏకంగా జైలుకే వెళ్ళాడంటే నమ్ముతారా?

అక్కడ 1806 నాటి చట్టం ఒకటుండేది. కాపురం చేస్తున్న భార్య ఆదాయమంతా భర్త ఆదాయం కిందే లెక్క. రిటర్ను ఆయనే నింపాలి, పన్ను ఆయనే కట్టాలి. 1882లో ఇంకో చట్టం వచ్చి, పెళ్ళయినా స్త్రీ ఆస్తి స్త్రీదే అంది. బాగానే ఉంది. కాని పన్నుల చట్టంలో ఆ పాత ముక్కని మాత్రం ఎవరూ కదపలేదు. అంటే ఇల్లు ఆవిడది, అద్దె ఆవిడది, లెక్క చెప్పవలసింది ఆయన!

భర్త లేని ఆడవాళ్ళ దగ్గరికి మాత్రం పన్నులవాళ్ళు తిన్నగానే వచ్చేవాళ్ళు. లండన్‌లో హామర్‌స్మిత్ అనే పేట ఉంది. అక్కడ డోరా మాంటిఫియోరి అనే వితంతువు 1906లో, నాకు ఓటు ఇవ్వనిదే ఆదాయపు పన్ను కట్టనని తలుపులు బిగించుకు కూర్చుంది. జప్తు చేయడానికి వచ్చినవాళ్ళు వీధిలో, ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉపన్యాసం! ఇలా కొన్ని వారాలు గడిచాయి. సరుకులు గోడమీదనుంచి అందుకునేదట. చివరికి తలుపు పగలగొట్టి సామాను పట్టుకుపోయి వేలం వేశారు. 1909కల్లా "ఓటు లేనిదే పన్ను లేదు" అంటూ ఆడవాళ్ళ సంఘమే ఒకటి వెలిసింది.

ఆ సంఘం కోశాధికారి ఎలిజబెత్ విల్క్స్ అనే డాక్టరమ్మ. భర్త మార్క్ బడిపంతులు. పన్ను కట్టలేదని మొదట ఆవిడ సామాను జప్తు చేశారు. అప్పుడావిడకి చట్టం గుర్తొచ్చింది. "మీ చట్టం ప్రకారం నా పన్నుకి నాకేం సంబంధం? మావారిని అడగండి" అన్నది. సరే, పంతులుగారిని అడిగారు. "ఆవిడ సంపాదన ఎంతో నాకు తెలీదు. అడిగినా చెప్పదు. చెప్పినా అంత పన్ను కట్టడం నా జీతంతో అయ్యే పని కాదు" అన్నాడాయన. పాపం, అధికారులు ఏం చేస్తారు! సుమారు 37 పౌన్ల బాకీ కింద 1912లో ఆయన్ని బ్రిక్స్‌టన్ జైల్లో పెట్టారు. తోటి టీచర్లు గోలచేశారు, సభలు జరిగాయి, నాటకకర్త బెర్నార్డ్ షా కూడా మాట్లాడాడు. రెండు వారాలు తిరిగేసరికి పన్ను రాకుండానే వదిలేశారు. ఈ కథలో నాకు డాక్టరమ్మ కంటే పంతులుగారే ఎక్కువ నచ్చుతాడు. ఇంట్లో ఒక్కసారి గదమాయించి కాగితం నింపి పారేస్తే పోయేదానికి, భార్య లెక్క భార్యదే అని జైలుకి వెళ్ళినవాణ్ణి ఏమనాలి చెప్పండి!

ఆ సంఘంలో మన దేశపు రాకుమారి కూడా ఉంది. పంజాబు చివరి మహారాజు దులీప్‌సింగ్ కూతురు సోఫియా. కుక్కలకీ, బండికీ, నౌకరుకీ ఏటేటా కట్టాల్సిన లైసెన్సు రుసుం కట్టనంది. 1911లో ఆమె వజ్రాల ఉంగరం, 1913లో ముత్యాల హారం, బంగారు గాజు జప్తయ్యాయి. వేలంలో సంఘం ఆడవాళ్ళే పాడుకుని తిరిగి ఆమెకే ఇచ్చేశారు.

ఓటు 1918లో కొందరికి, 1928లో మగవాళ్ళతో సమానంగా అందరికీ వచ్చింది. రిటర్ను మాత్రం రాలేదు! వేరుగా లెక్క కట్టించుకునే వీలు 1914 నుంచీ ఉన్నా అసలు సూత్రం మారలేదు. 1978 దాకా భార్య తన పన్ను గురించి ఉత్తరం రాస్తే జవాబు భర్తకి వెళ్ళేది. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న కాలంలోనూ ఆ చట్టం ఆవిడకీ వర్తించేదే! 1990 ఏప్రిల్‌లో గాని ఆలుమగలు విడివిడి మనుషులు కాలేదు.

మన దగ్గర కథ తిరగేసి నడిచింది. 1921లో మద్రాసు రాజధానిలో ఆడవాళ్ళకి ఓటు ఇచ్చినప్పుడు, కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోవే. భూమిశిస్తో, ఇంటిపన్నో, ఆదాయపు పన్నో కట్టేవాళ్ళకే ఓటు ఎక్కువగా దక్కేది. అక్కడ ఓటు లేదని పన్ను మానేస్తే, ఇక్కడ పన్ను కట్టేంత ఆస్తి తన పేర ఉన్న ఆవిడకే ఓటన్నమాట. మన అమ్మమ్మల్లో ఎంతమంది పేర పట్టా ఉండి ఉంటుంది?

1922 నాటి మన ఆదాయపు పన్ను చట్టంలో భార్య వేరే మనిషే. అది చూసి మగవాళ్ళు చల్లగా ఆస్తులు భార్యల పేర మార్చి పన్ను తగ్గించుకోసాగారు. ప్రభుత్వం ఊరుకుంటుందా? 1937లో ఒక సవరణ తెచ్చింది. భర్త ఊరికే ఇచ్చిన ఆస్తిమీద భార్యకొచ్చే రాబడి భర్త లెక్కలోనే కలపాలి. 1961 చట్టంలోనూ అది ఉంది, దాని స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టంలోనూ ఉంది. మీ జీతం మీదే. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళిచ్చిన సొమ్ముమీద రాబడీ మీదే. మీవారు ప్రేమగా మీ పేర వేసిన డిపాజిట్టుమీద వడ్డీ మాత్రం ఆయన రిటర్నులోకి వెళుతుంది. ఆ వడ్డీని మీరు ఖర్చుపెట్టకుండా మళ్ళీ బ్యాంకులో వేస్తే, దానిమీద వచ్చే వడ్డీ మీది. అది చూపవలసింది మీ రిటర్నులోనే.