రాస్ దొర ఇల్లు, మరియమ్మ కొండ

వేట ముగించుకొని విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు మళ్లిన బోటుకు దూరం నుంచే కనబడేది డాల్ఫిన్స్ నోస్. ఇంకాస్త దగ్గరకొస్తే, ఓడలు లోపలి రేవులోకి పోయే కాలువకు ఇవతలి గట్టున మూడు చిన్న కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద మరియమాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి ఆలయం. ఏటా డిసెంబరు 8న నిష్కళంక మాత పండుగకు జనం పాతనగరం ఇరుకు సందుల్లోంచి నడుచుకుంటూ వెళ్లి మొదటి కొండ ఎక్కుతారు. ఆ కొండ పేరు రాస్ హిల్. ఈ నడకను ఏ ఒక్కరో కూర్చుని ఆలోచించి పెట్టలేదు. ఒక దొరగారి ఇల్లు, ఒక పర్వతదేశపు గురువులు, ఒక రేవు, మనవాళ్ల మొక్కు కలిసి దాన్ని తయారుచేశాయి.

ముందు ఇల్లు సంగతి. రాస్ అనే దొర 1864లో ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. సముద్రపు గాలి, కింద ఏటిమొగ, కనుచూపు మేర నీళ్లు. దొరలు కోరుకునే చోటే అది. ఆ ఇల్లు తర్వాత కేథలిక్కుల ప్రార్థనామందిరమైంది. కట్టినవాడు గుడి కడుతున్నాననుకోలేదు, అయినా కొండకు అతని పేరే మిగిలింది. పక్క కొండ కథ దీనికి తిరగేసిన కథ. అక్కడి వేంకటేశ్వరాలయాన్ని 1866లో బ్లాక్‌మూర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని చెబుతారు. దర్గా ఈ రెండిటికంటే పాతది. దాని ముందు నుంచి వచ్చే పోయే ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎత్తి సలాం చేసేవని పాత జిల్లా గెజిటీర్ రాసింది. అంటే మరియమాత రాకముందే, ఈ కొండల కేసి చూసి దణ్ణం పెట్టడం సముద్రం మీద తిరిగేవాళ్లకు అలవాటే.

ఇక గురువులు. ఆన్సీ పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖ చేరారు. ఆన్సీ ఆల్ప్స్ పర్వతాల ఒడిలో, సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అప్పటికింకా ఫ్రాన్సులో కలవని సవాయ్ సీమలోది. 1847కల్లా వాళ్లు ఇక్కడ బడి పెట్టారు. అదే నేటి సెయింట్ అలోషియస్. 1850లో రోము ఈ ప్రాంతాన్ని ప్రత్యేక మండలంగా చేసి బిషప్ నెయ్రేకు అప్పగించింది. 1886లో అది విశాఖపట్నం మేత్రాసనమైంది. సరిగ్గా గురువులు ఇక్కడ కుదురుకుంటున్న కాలంలోనే లోకమంతా మరియమాత భక్తి కొత్త ఊపందుకుంది. 1854 డిసెంబరు 8న తొమ్మిదో పయస్ పాపు గారు నిష్కళంకోద్భవాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించారు. 1858లో లూర్దు దర్శనాల వార్త పొక్కింది. ఇక్కడ రాస్ ఇల్లు లేచింది ఆ తర్వాత ఆరేళ్లకే. కొండ మీద అమ్మకు గుడి అన్న ఊహ అప్పటికి గాలిలోనే ఉంది.

అయితే గురువులు తెచ్చింది పూజ, జపమాల, పండుగ తేదీ. నడకను వాళ్లు నేర్పనక్కర్లేకపోయింది. సింహాచలం మెట్లెక్కే జనానికి, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే జనానికి కొండ మీది దేవుణ్ని నడిచివెళ్లి చూడాలని ఒకరు చెప్పాలా? గంగమ్మకు, పైడితల్లికి మొక్కే నోటికి మరియమ్మ కూడా అమ్మే అయింది. అందుకే డిసెంబరు 8 నాటి వరుసలో కేథలిక్కులే ఉండరు. బొట్టు పెట్టుకున్నవాళ్లూ కొవ్వొత్తి పట్టుకొని నిలబడతారు.

హార్బర్ వైపు నుంచి చూస్తే ఈ మొక్కు లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. డిసెంబరు నిండు వేట కాలం. సరంగు, కళాసీలు ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకొని రోజుల తరబడి నీళ్ల మీదే ఉంటారు. తుపాను కబురొచ్చినప్పుడు బోటు మీద మొక్కుకునేది మగవాడు. పండుగనాడు చాలాసార్లు ఆ బాకీ తీర్చేది ఇంటి ఆడమనిషి. తెల్లారేసరికి వేలంలో గంపకు సరిపడా చేపలు పాడుకొని, అమ్ముడుపోయాక కాళ్లు కడుక్కొని, కొవ్వొత్తులు కొంగున ముడేసుకొని ఎక్కుతుంది. మొక్కిన నోరు ఒకరిది, నడిచే కాళ్లు ఇంకొకరివి.

రేవు రాకపోతే ఇది పాతనగరపు చిన్న పండుగగానే ఉండిపోయేది. కొండ పాదాల దగ్గరి కాలువను తవ్వి లోతు చేసి, 1933లో రేవును తెరిచారు. 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది. 1970ల్లో వెలుపలి రేవు వచ్చింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్క పనికీ ఒక్కొక్క విడత జనం వచ్చారు. శ్రీకాకుళం నుంచి కూలీలు, కేరళ, తమిళనాడు నుంచి నర్సులు, గుమాస్తాలు, నావికులు వచ్చారు. వాళ్లలో కేథలిక్కులు తమ ఊళ్ల యాత్రల జ్ఞాపకాన్ని వెంట తెచ్చుకున్నారు. కాషాయం కట్టి వేళాంకణికి నడిచే అలవాటు తమిళులకు ఉండనే ఉంది.

దీని పక్కన విజయవాడ గుణదలను పెట్టి చూడండి. అక్కడ కర్త ఉన్నాడు, తేదీలున్నాయి. అనాథ శరణాలయాన్ని చూసుకుంటున్న ఇటలీ గురువు ఆర్లాటి 1924లో కొండ రాతిగూడులో లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. 1933లో కొండ కొసన 18 అడుగుల ఇనుప సిలువ ఎత్తారు. ఫిబ్రవరి 11 నాటి పండుగ మూడురోజుల తిరునాళ్లయింది. పల్లెల నుంచి జెండాలు పట్టుకొని నడిచివచ్చే గుంపులు, తలనీలాలు, కొబ్బరికాయలు. అవన్నీ ఆర్లాటి రాసిపెట్టిన ఏర్పాట్లు కావు. కర్త ఉన్న చోటా లేని చోటా, గురువు పని గూడు కట్టేదాకానే. ఆపై దారి జనం చేతిలోకి పోతుంది.

పాతనగరం ఇప్పుడు పలచబడుతోంది. రేవు బొగ్గుపొడి ఇళ్లలోకి వస్తోందని, ఉద్యోగం దూరమైందని చాలా కుటుంబాలు గాజువాక, కూర్మన్నపాలెం వైపు మారిపోయాయి. వాళ్ల దైనందిన పూజ అక్కడి విచారణ గుళ్లలోనే. అయినా డిసెంబరు 8న మాత్రం బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గర దిగుతారు. కారున్నవాళ్లూ కొంత దూరమైనా నడుస్తారు. మొక్కుకున్నది నడుస్తామని కదా, చక్రాల మీద పోతే చెల్లదు.