ఉదయనాచార్యుని యీశ్వరవాదము

దేవుడు కలడనుటకు ప్రమాణమేమి యని మన యిండ్లలో బాలుడెవడైన నడిగినచో, నాస్తికపు మాటలాడకుమని గద్దించుటయే తరచుగా పెద్దలిచ్చు ప్రత్యుత్తరము. మా తరగతిలోని విద్యార్థి యొకడు ఇంట నీ ప్రశ్న వేసి చీవాట్లు తిని, మరునాడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, అడుగుటయే పాపమా?" యనెను. వానికి నోట చెప్పినదానినే యిచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా నాస్తికశబ్దమును గూర్చి యొక మాట. నేడు దేవుడు లేడనువానిని నాస్తికుడందుము. పూర్వశాస్త్రములలో నా పదమున కర్థము వేఱు. వ్యాకరణవ్యాఖ్యాతలు పరలోకము లేదను బుద్ధి గలవానిని నాస్తికుడనిరి. మనుస్మృతి వేదమును నిందించువానిని నాస్తికుడనెను. కావుననే వేదమును శిరసావహించి, యజ్ఞములను సమర్థించి, జగత్కర్త యొకడు కలడనుటను మాత్రము ఖండించిన మీమాంసకులు ఆస్తికులలోనే లెక్కింపబడిరి. ఏడవ శతాబ్దివాడగు కుమారిలభట్టు శ్లోకవార్తికమున లేవనెత్తిన శంకలు నేటి యువకుల శంకలకంటె పదునైనవి. సృష్టికి పూర్వము శరీరమే లేనివానికి సృజింపవలెనను కోరిక యెట్లు పుట్టెను? దయచే సృజించెనందమా, దయ చూపుటకు అప్పుడు జీవులు లేరు. దయయే కారణమైనచో నింత దుఃఖము గల లోకమును సృజింపనేల? వినోదమునకై యందమా, కొఱత లేనివానికి వినోదముతో పనియేమి? ఇట్లు వాదించినవానిని మనవారు వెలివేయలేదు. వైదికకర్మ నుద్ధరించిన యాచార్యుడని గౌరవించిరి.

ఈశ్వరుని యుక్తిచే నిరూపింపబూనినవారు నైయాయికులు. గౌతముని న్యాయసూత్రములలో నీశ్వరప్రస్తావము నాల్గవ యధ్యాయమున కొలది సూత్రములతో ముగియును. అది పెద్దవాదముగా పెరుగుటకు కారణము ప్రతివాదుల బలమే. నైయాయికుల ముఖ్యానుమాన మిది: భూమి, మొలక మొదలగునవి కార్యములు, అనగా ఒకప్పుడు లేక పిదప పుట్టినవి, కార్యమునకు కర్త యుండును, కుండకు కుమ్మరి యున్నట్లు జగత్తునకును కర్త యొకడుండవలెను.

దీనికి బౌద్ధాచార్యుడగు ధర్మకీర్తి యిచ్చిన యుత్తరము పల్లెటూరివానికిని తెలియునట్టిది. కుమ్మరి కుండ చేయుట చూచియున్నాము గనుక కుండను చూచి కుమ్మరి నూహింపవచ్చును. మట్టితో నైనదను పోలికమాత్రమే చాలునేని, పాముపుట్టను గూడ కుమ్మరియే చేసెననవలసి వచ్చును! ఎనిమిదవ శతాబ్దిలో శాంతరక్షితుడు తత్త్వసంగ్రహమున నీశ్వరపరీక్షకు ప్రత్యేకప్రకరణమునే కేటాయించెను. పిమ్మట విక్రమశీల విహారమున జ్ఞానశ్రీమిత్రుడును, వాని శిష్యుడగు రత్నకీర్తియు నీశ్వరసాధనమును ఖండించుచు గ్రంథములు రచించిరి.

ఇట్టి కాలమున మిథిలయందు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిని రచించెను. అతని లక్షణావళి చివర శక 906, అనగా క్రీ. శ. 984, అను కాలనిర్దేశము కలదు. ఆ పాఠమును సందేహించి యాతని పదునొకండవ శతాబ్దిలోనికి దించు పండితులును కలరు. కుసుమాంజలి యైదు స్తబకముల గ్రంథము. ప్రతిపక్షుల యాక్షేపములను అయిదుగా విభజించి, ఒక్కొక్క స్తబకమున నొక్కొక్కదానికి సమాధానము చెప్పెను. తనపక్షపు హేతువులను వరుసగా నేకరువు పెట్టుట చివరి స్తబకముననే. అంతకుముందు నాలుగు స్తబకములును ఎదుటివారి మాట వినుటకును, దానికి బదులు చెప్పుటకును వినియోగింపబడినవి.

కనబడనిది లేదను చార్వాకునికి అతడిచ్చిన సమాధానమున హాస్యమును కలదు. కానరానిదెల్ల లేనిదేయైనచో, పాపము ఆ చార్వాకుడు గడప దాటగానే ఆలుబిడ్డలు కంటికి కానరారు గనుక వారు లేరని నిశ్చయించుకొని, ఇంటికి మరలక ఱొమ్ము బాదుకొని యేడ్వవలసివచ్చును! చూడదగిన వస్తువు కానరానప్పుడే లేదనవచ్చును గాని, స్వభావముచేతనే కంటి కందనిదానిని గూర్చి యట్లనరాదని యాతని సిద్ధాంతము. శరీరము లేనివాడు కర్త యెట్లగునను శంకకు నైయాయికుల సమాధానము వేఱు: ఉపాదానమును గూర్చిన జ్ఞానము, చేయవలెనను కోరిక, ప్రయత్నము, ఈ మూడును గలవాడే కర్త, ఆ లక్షణమున శరీరమునకు చోటు లేదు.

ఈ హేతువులన్నియు నేటి పరీక్షకు నిలుచునని మేమనము. అచేతనములగు పరమాణువులను కూర్చుటకు చేతనుడొకడు కావలెనని యుదయనుడు చెప్పిన హేతువు, ఆకర్షణ వికర్షణశక్తులను గూర్చి చదివిన విద్యార్థిని సులభముగా తృప్తిపఱుపదు. భక్తాగ్రేసరులును దీనినెల్ల నంగీకరింపలేదు. శ్రీభాష్యమున రామానుజాచార్యులు బ్రహ్మము శాస్త్రముచేతనే తెలియదగినదని స్థాపించుచు, ఈ యనుమానమును గట్టిగా ఖండించిరి. కుండలు మొదలగునవి వేర్వేఱు కాలముల వేర్వేఱు కర్తలచే చేయబడుట చూచుచుండగా, భూమియు పర్వతములును ఒకే కాలమున నొకే కర్తచే చేయబడినవని యెట్లు తేలునని వారి ప్రశ్న. విష్ణుభక్తుడే యీశ్వరానుమానమును త్రోసివేసినను ఆయన భక్తిని శంకించినవారు లేరు.

ఇక ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు మాట. ఈతడు పదునేడవ శతాబ్దివాడు. బాలురకు సులభముగా బోధపడుటకై రచించిన యాతని తర్కసంగ్రహమును, దానికి తానే వ్రాసిన దీపికను, తర్కము నారంభించు విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. ఆ దీపికలో ఈశ్వరుడున్నాడనుటకు ప్రమాణమేమి యను ప్రశ్న స్పష్టముగా లేవనెత్తబడినది. ప్రత్యక్షము ప్రమాణము కాజాలదను శంక వివరింపబడినది. పిదపనే కార్యమునుండి కర్త నూహించు ననుమానము చూపబడినది. మా విద్యార్థి చీవాట్లు తిన్న ప్రశ్న, పూర్వము గురువే శిష్యునిచే వల్లె వేయించిన ప్రశ్న!

ఉదయనుని గూర్చి పండితలోకమున నొక యైతిహ్యము కలదు. పురీక్షేత్రమున నాలయద్వారము మూయబడియుండగా, నీ యునికి నా వాదముపై నాధారపడియున్నదని యాతడు జగన్నాథునే యెత్తిపొడిచెనట. గ్రంథమున కనబడు నుదయను డిట్టివాడు కాడు. ఈశ్వరుని గూర్చిన యీ తర్కచర్చ మననమని, అది యుపాసనయేయని మొదటనే చెప్పెను. గ్రంథాంతమున నాతని ప్రార్థన మఱియు గమనింపదగినది. ఇన్ని యుక్తులచే కడిగినను ఎవరి హృదయమున భగవంతునికి చోటు దొరకలేదో, వారును ప్రతిపక్షులై యాయననే గాఢముగా చింతించినవారు గనుక, కాలక్రమమున దయతో వారి నుద్ధరింపుమని వేడెను. జీవితమంతయు నాస్తికవాదముతో పెనుగులాడినవాడు నాస్తికునికై చేసిన ప్రార్థన యిది.

ఆ విద్యార్థికి ప్రశ్న విడువవలదనియు, తర్కసంగ్రహమును తెచ్చుకొని సాయంకాలము రమ్మనియు చెప్పితిమి. వాని తండ్రిగారిని గూడ రమ్మని కబురంపితిమి. ప్రశ్నించు బిడ్డను గద్దించుట సంప్రదాయరక్షణ యని తలచు గృహస్థులు ఆ సంప్రదాయగ్రంథముల నొకసారి తెఱచి చూతురు గాక యని మా ప్రార్థన.