గుమ్మి నుండి బిళ్ళ దాకా

1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూర్ అంతకుముందు పల్లెయే. తెలంగాణ పల్లెల్లో ధాన్యాన్ని బాగా ఎండబెట్టి, పేడతో అలికిన గుమ్మిలోనో నేలలో తవ్విన పాతరలోనో దాచేవారు. గాలి చొరని పాతరలో ప్రాణవాయువు తగ్గి పురుగు చచ్చేది. పప్పులకు కలిపిన బూడిద పురుగు పైపొరను గీరి, దాని ఒంటి తేమను హరించేది.

నేడు గిడ్డంగుల్లో వాడేది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. కిటికీలు మూసి ఏసీ వేసుకునే అపార్ట్‌మెంటులోకి దానిని రానీయరాదు. 1958లో కేరళలో, పారాథియాన్‌తో ఒకే ఓడలో వచ్చి కలుషితమైన గోధుమపిండి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టానికి ఆ విషాదమే నేపథ్యం.

ముక్కుపురుగు మాత్రం విషం కాదు. బూజువాసన లేని బియ్యాన్ని చెరిగి, కడిగి వండుకోవచ్చు.