కాన్పు చీటీలో రాయని గాయం

ప్రసవ గాయాలను కుట్టే ఆధునిక వైద్యం ఎవరి శరీరాల మీద నేర్చుకున్నదో మనం తక్కువగా మాట్లాడుకుంటాం. అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో 1845 నుంచి 1849 దాకా మారియన్ సిమ్స్ అనే డాక్టరు నల్లజాతి బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా ఆపరేషన్లు చేశాడు. వాళ్లలో మనకు పేర్లు మిగిలింది అనార్కా, లూసీ, బెట్సీ అనే ముగ్గురివే. మూడు రోజులు నొప్పులు పడ్డాక మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం ఏర్పడిన అనార్కాకు ఒక్కామెకే దాదాపు 30 సార్లు చేశాడు. యజమాని ఒప్పుకుంటే చాలు, ఆమె సమ్మతి ఎవరికీ అక్కర్లేదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని సిమ్స్ విగ్రహాన్ని 2018లో తొలగించారు. 2021లో మాంట్‌గొమరీలో ఆ ముగ్గురు స్త్రీల విగ్రహాలు వెలిశాయి.

నేను ఈ చరిత్ర చదివింది రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు. మొదటి కాన్పులో నాకు మలద్వారం కండరం దాకా చిరిగింది. ఆస్పత్రి ఇచ్చిన చీటీలో మాత్రం 'నార్మల్ డెలివరీ, తల్లీ బిడ్డా క్షేమం' అనే ఉంది. ఎంత లోతు చిరిగిందో, ఎట్లా కుట్టారో ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత శివ్వంపేట నుంచి నర్సాపూర్‌కు బస్సెక్కాలన్నా భయమే, ఎక్కడ ఆపుకోలేకపోతానో అని. "ఆడపుట్టుక పుట్టినంక తప్పుతదా బిడ్డా, అందరం పడ్డదే" అన్నది మా అత్తమ్మ. ఆమె తన బాధను కూడా ఆ మాటలోనే దాచుకున్నదని నాకు తర్వాత అర్థమైంది.

ఇక రెండో కాన్పు ఎట్లా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. దేశం మొత్తం మీద 21.5 మాత్రమే. ఈ లెక్క చూసి ప్రభుత్వం సహజ కాన్పుల ప్రచారం పెంచింది. ఒక డాక్టరమ్మ నా మాట పూర్తిగా వినకముందే ఆపరేషన్ అన్నది. ఇంకొకామె "మొదటిది నార్మలే కదమ్మా, ఇదీ అయితది" అన్నది. ఇద్దరూ నా పాత గాయం గురించి అడగలేదు. ఆపరేషన్ వ్యాపారానికీ, ఆపరేషన్ వ్యతిరేక ప్రచారానికీ కూడా గాయపడిన స్త్రీ కనిపించదు.

వైద్యశాస్త్రం దగ్గర ఇంతకన్నా మంచి జవాబే ఉంది. ఇట్లాంటి చిరుగు తర్వాత మళ్లీ యోని ద్వారా ప్రసవించిన వాళ్లలో నూటికి 5 నుంచి 7 మందికి మళ్లీ అంత చిరుగు పడుతుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాలు చెబుతాయి. ఆపుకోలేని ఇబ్బంది మిగిలినవాళ్లకూ, స్కానింగులో కండరం సరిగా లేదని తేలినవాళ్లకూ సిజేరియన్ అవకాశం గురించి వివరించాలంటాయి. సిజేరియన్‌కూ మూల్యం ఉంది. తర్వాతి గర్భాల్లో మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. రెండింటినీ తూచాల్సింది ఆ శరీరంతో బతకాల్సిన మనిషే.

న్యాయస్థానాలు ఈ మాట ఆలస్యంగానైనా చెప్పాయి. సమీరా కోహ్లి పరీక్ష కోసం మత్తులో ఉండగా, ఆమె తల్లి సమ్మతితో గర్భసంచీ అండాశయాలూ తీసేసిన కేసులో, అది ఆమె సమ్మతి కాదని మన సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. స్కాట్లండ్‌లో మధుమేహం ఉన్న నదీన్ మాంట్‌గొమరీకి బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం నూటికి 9 నుంచి 10 దాకా ఉందని డాక్టరు చెప్పలేదు. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారని ఆ డాక్టరు వాదన. ఆ ప్రమాదాన్ని తల్లికి చెప్పి తీరాల్సిందేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో తేల్చింది.

నేను స్కానింగ్ చేయించుకున్నాను. కండరం పూర్తిగా అతకలేదని తేలింది. సిజేరియన్ ఎంచుకున్నాను. ఏ ఇబ్బందీ మిగలని మరో స్త్రీ సహజ కాన్పు ఎంచుకుంటే అదీ అంతే సబబు.

కొమర్రాజు అచ్చమాంబ 'ప్రసూతి-శిశుపోషణ' నుంచి 'సవాలక్ష సందేహాలు' దాకా, శరీర జ్ఞానం స్త్రీల భాషలో స్త్రీలకు చేరాలన్న పట్టుదల మనకు కొత్త కాదు. దాని కొనసాగింపుగా ఇప్పుడు మనం అడగాల్సింది చిన్నదే. చిరుగు ఏ స్థాయిదో, ఏం కుట్టారో కాన్పు చీటీలో తెలుగులో రాయాలి. ఆ చీటీ భర్త చేతికో అత్త చేతికో కాదు, తల్లి చేతికి ఇవ్వాలి.