నల్లమల అంచున ఛిద్రమైన అవయవాలకు చికిత్స
సముద్రానికి దూరంగా, నల్లమల కొండలకు పడమట విస్తరించిన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి సొరచేప కాటు తెలియదు గాని, ఎలుగుబంటి దాడిలో చీలిన కాళ్లుచేతులు వైద్యుని ముందుంచే సమస్య దాదాపు అదే: కండ నలిగి, రక్తనాళం తెగి, ఎముక విరిగి, పంటి మురికి లోతుకు చేరుతుంది. 1749లో హవానా రేవులో సొరచేప కరిచిన పద్నాలుగేళ్ల బ్రూక్ వాట్సన్‌కు మోకాలి కింద కాలు తీసివేయవలసి వచ్చింది. 1867లో శస్త్రవైద్యుడు లిస్టర్ క్రిమినాశక శస్త్రచికిత్సను ప్రకటించాక, ఆపై మొదటి ప్రపంచయుద్ధంలో డెబ్రైడ్‌మెంట్, అంటే చచ్చిన కండను కోసి తొలగించి గాయాన్ని కొన్నాళ్లు కుట్టకుండా తెరిచి ఉంచడం, స్థిరపడిన తరువాతగాని అవయవాన్ని నిలుపుకొనే ఆశ బలపడలేదు. రాయలసీమ జనం ఎంతగానో నమ్మిన పుత్తూరు కట్టు, అంటే ఆకుపసరు పూసి వెదురుబద్దలతో బిగించే విద్య, చర్మం చిట్లకుండా విరిగిన ఎముకకు ఆసరా ఇవ్వగలదు. నోరు తెరుచుకున్న మురికి గాయంపై మాత్రం అదే బిగువు కుళ్లుకు దారితీస్తుంది; ఈ భేదాన్ని విస్మరించడం ఎంతో ప్రమాదకరం. అలాంటి గాయానికి ఆసుపత్రి అవసరం. 1957లో కర్నూలు వైద్య కళాశాల ఏర్పడినా, ఆళ్లగడ్డ నుంచి అక్కడికి నూరు కిలోమీటర్లకు పైనే; రక్తం అందని కండరం సుమారు ఆరు గంటల్లోనే కోలుకోలేని స్థితికి చేరుతుంది గనుక ఆ దూరం చిన్న అడ్డంకి కాదు. ఆ దూరం తగ్గేలా 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.