దాత ఒకరు, సంతకం మరొకరిది

1994 జులై 8న రాష్ట్రపతి ఆమోదం పొందిన మానవ అవయవాల మార్పిడి చట్టం, పౌరుడి శరీరం ఎవరిదన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేదు. ఆచరణలో మాత్రం అది కుటుంబానిదేనని తేలింది. బతికుండగా ఎవరు ఇవ్వవచ్చు, మరణించాక ఎవరి అనుమతితో తీసుకోవాలి అన్న రెండు గుమ్మాల వద్దా కావలి బంధువులదే. ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో చరిత్ర చూస్తే అర్థమవుతుంది. దాని భారం ఎవరి మీద పడిందో కూడా కనిపిస్తుంది.

దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆపే మందులు అప్పటికి అంతంత మాత్రమే. రక్తసంబంధీకుల మూత్రపిండం మీదే ఎక్కువ ఆశ ఉండేది. 1980లలో సైక్లోస్పోరిన్ రాకతో ఆ అవసరం సడలింది. ఎవరి కిడ్నీ అయినా పనికి రావచ్చని తెలియగానే దానికి ధర పుట్టింది. అమ్మకాన్ని నిషేధించే కేంద్ర చట్టమేదీ లేదు. మద్రాసులోని విల్లివాక్కానికి 'కిడ్నీవాక్కం' అనే పేరు వచ్చింది ఆ రోజుల బేరాల వల్లనే. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన అధ్యయనం 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడింది. వారిలో 96 శాతం మంది అప్పులు తీర్చడానికే అమ్ముకున్నారు. అమ్మిన తరువాత వారి కుటుంబాల సగటు ఆదాయం మూడో వంతు పడిపోయింది. నాలుగింట మూడొంతుల మందికి అప్పు ఇంకా మిగిలే ఉంది.

ఈ సంతకు తలుపులు మూయడానికే పార్లమెంటు పూనుకున్నది. ఆరోగ్యం రాష్ట్రాల అంశం కనుక రాష్ట్రాల తీర్మానాల మీద ఆధారపడి చట్టం చేయవలసి వచ్చింది. అది 1995 ఫిబ్రవరి 4న మొదట గోవా, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్రలలోనూ కేంద్రపాలిత ప్రాంతాలలోనూ అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది సొంత చట్టం చేసుకున్నది. ఈలోగానే, 1994 ఆగస్టు 3న, రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేశారు. చట్టం అమలు తేదీకి ఆరు నెలల ముందే గుండె మారిపోయింది!

భార్యాభర్తలు, తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులను చట్టం దగ్గరి బంధువులుగా గుర్తించింది. 2011 సవరణ తాతలను, అమ్మమ్మ నానమ్మలను, మనవలను చేర్చింది. మిగిలినవారు మమకారంతో ఇస్తామంటే అధీకృత కమిటీ ముందు నిలబడాలి. దీని వెనుక ఒక నమ్మకం ఉంది: ఒత్తిడి అంగట్లోనే ఉంటుంది, ఇంట్లో ఉండదు. భారతీయ కుటుంబాన్ని లోపలి నుంచి చూసినవారెవరూ ఇంత ధీమాగా ఈ మాట అనలేరు. 2019 నుంచి 2023 వరకు దేశంలో బతికుండగా అవయవమిచ్చినవారిలో దాదాపు 64 శాతం స్త్రీలు. అదే కాలంలో అవయవం పొందినవారిలో దాదాపు 70 శాతం పురుషులు. సంపాదించే మగవాడికి కోత పెట్టకూడదన్న లెక్క, భర్తకు ఇవ్వనన్న భార్యకు రేపు ఆ ఇంట్లో ఉండే స్థానం, ఈ అంకెల వెనుక ఉన్నాయి. ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమకు 'వద్దు' అనే వీలుందా అన్నదే ప్రశ్న. చట్టానికీ ఈ అనుమానం లేకపోలేదు. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త వహించాలనీ, ఆమె స్వతంత్ర సమ్మతిని గ్రహీత కాని వ్యక్తి ధ్రువీకరించాలనీ 2014 నిబంధనలు అంటున్నాయి. ఆ వ్యక్తి ఆమె అత్తగారు కాకూడదని మాత్రం చెప్పలేదు.

అవయవదాన సభలలో దధీచి పేరు తలవని వక్త ఉండడు. శివపురాణంలో ఆ కథకు కొనసాగింపు ఉంది. దేవతలు వచ్చినప్పుడు దధీచి భార్య సువర్చను అక్కడి నుంచి పంపివేసి దేహం విడిచాడు. తిరిగి వచ్చి సంగతి తెలుసుకున్న ఆమె దేవతలను శపించింది. ఇంటివారిని అడగని దానం ఎంతటి కోపం రేపుతుందో పౌరాణికులకు తెలుసు.

రెండో గుమ్మం మరణానంతరానిది. ఒక మనిషి ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు దగ్గరి బంధువై ఉండగా, రాతపూర్వకంగా అంగీకరించి పోతే, దానిని రద్దు చేసుకున్నట్టు నమ్మే కారణం లేనంతవరకు దేహం ఎవరి అధీనంలో ఉందో వారు వైద్యులకు వీలు కల్పించాలని చట్టంలోని మూడో సెక్షను చెబుతుంది. ఆసుపత్రులు మాత్రం కుటుంబం సంతకం లేనిదే కత్తి పట్టవు. వారిని తప్పుపట్టడం తేలిక కాదు. వెంటిలేటరు మీద ఛాతీ లేచి పడుతుంటుంది, చేయి వెచ్చగా ఉంటుంది, మనిషి మరణించాడని డాక్టరు చెబుతాడు. నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి మెదడు కాండం మరణాన్ని నిర్ధారించినా, ఆ నిర్ధారణ ఈ చట్టం పరిధిలోదే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రాణ లక్షణాలన్నీ శాశ్వతంగా అంతరించడమే మరణం. ఒకే మంచం మీది ఒకే మనిషి బంధువులు సరేనంటే మృతుడు, కాదంటే రోగి. ఇంతటి బరువును రాజ్యం ఏడుస్తున్న కుటుంబం నెత్తిన పెట్టి పక్కకు తప్పుకున్నది.

ఆ బరువును మోసినవారూ ఉన్నారు. 2008 సెప్టెంబరులో తమిళనాడులో వైద్యులైన దంపతులు ప్రమాదంలో మెదడు మరణించిన కొడుకు అవయవాలిచ్చారు. ఆ రాష్ట్రంలో మరణానంతర దానం అప్పటినుంచే ఊపందుకుంది. 2013లో నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ పని మొదలుపెట్టింది. దేశంలో ఏటా జరిగే మార్పిడులు 2013లో ఐదు వేల లోపు ఉండగా 2023 నాటికి 18 వేలు దాటాయి. ఆ ఏడాది మరణానంతర దాతలు 1,099 మందే. మిగిలిన భారమంతా బతికున్నవారు, వారిలోనూ ఎక్కువగా స్త్రీలు, మోస్తున్నారు.

2025 ఆగస్టులో జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ ఒక సూచన జారీ చేసింది. మరణానంతర అవయవాల కోసం వేచి ఉన్నవారిలో మహిళా రోగులకు, గతంలో అవయవమిచ్చిన మృతుల దగ్గరి బంధువులకు ప్రాధాన్యం ఇవ్వాలని అందులో కోరింది. చట్టం వచ్చిన 31 ఏళ్లకు వెలువడిన ఈ మాటను పాటించేదీ లేనిదీ రాష్ట్రాల చేతిలో ఉంది.