బహిష్కరణ నుండి బదిలీకి: 1938 వందేమాతర సమ్మె – తెగిన చదువుల చరిత్ర

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ రాజ్యంలో 1938లో జరిగిన వందేమాతర విద్యార్థి ఉద్యమం తెలంగాణ రాజకీయ చరిత్రలో సుప్రసిద్ధ ఘట్టం. గీతాలాపన, నిషేధం, సమ్మె, బహిష్కరణ అనే క్రమంలో ఆ ఉద్యమాన్ని చెప్పుకోవడం పరిపాటి. బహిష్కృతుల చదువు ఆ తరువాత ఏమైందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. మధ్యలో తెగిన చదువు అక్కడితో ముగుస్తుందా, మరొక చోట కొనసాగుతుందా అన్నది విద్యార్థి ధైర్యసాహసాల కంటే, అతడు అప్పటికే పూర్తిచేసిన చదువును గుర్తించే మరొక విశ్వవిద్యాలయం ఉండడంపైనే ఎక్కువగా ఆధారపడింది. 1907 నాటి రాజమహేంద్రవరం, 1931 నాటి అనంతపురం ఘటనలతో 1938ని పోల్చి, ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రాజమహేంద్రవరం: దారి లేని బహిష్కరణ

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి ఉపన్యసించారు. వాటి ప్రభావంతో రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ కళాశాలల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు హాజరయ్యారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దీనిని క్రమశిక్షణోల్లంఘనగా పరిగణించారు. ఎం.ఏ. పూర్తిచేసి ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. ప్రభుత్వోద్యోగానికి కూడా ఆయన అనర్హులయ్యారు.

ఆనాటికి బ్రిటిష్ ఇండియాలో ఉన్నవి కలకత్తా, బొంబాయి, మద్రాసు, పంజాబ్, అలహాబాద్ విశ్వవిద్యాలయాలు మాత్రమే. కోస్తా, రాయలసీమ జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనివే. ఒక కళాశాల వేసిన వేటు నుండి తప్పించుకొని చదువుకోవడానికి విద్యార్థికి సమీపంలో మరొక వ్యవస్థ లేదు. హరిసర్వోత్తమరావు పత్రికా రంగంలో ప్రవేశించారు. 1908లో రాజద్రోహ నేరంపై కారాగార శిక్ష అనుభవించారు. అనంతర కాలంలో గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితాన్ని అంకితం చేశారు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు కాలేకపోయిన వ్యక్తి తరగతి గది వెలుపలి విద్యకు సారథ్యం వహించడం గమనార్హం.

3. అనంతపురం: స్వచ్ఛంద విరమణ

1920లో గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపుతో చదువు మానడం ఒక రాజకీయ కార్యాచరణగా మారింది. ప్రభుత్వ విద్యాసంస్థలను విడిచిన వారి కోసం గుజరాత్ విద్యాపీఠ్, కాశీ విద్యాపీఠ్ వంటి జాతీయ విద్యాసంస్థలు వెలిశాయి. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల అంతకు ముందు నుండే ఈ కృషిలో ఉంది. అయితే వీటి పట్టాలతో ప్రభుత్వోద్యోగం లభించదు. కాబట్టి ఇటువంటి సంస్థలో చేరడం చదువు మార్పు మాత్రమే కాదు, జీవనమార్గంలో మార్పు కూడా.

అనంతపురం ప్రభుత్వ కళాశాల విద్యార్థి నీలం సంజీవరెడ్డి 1929లో గాంధీజీ అనంతపురం పర్యటనతో ప్రభావితులై, 1931లో చదువు విరమించి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. హరిసర్వోత్తమరావును సంస్థ వెళ్లగొట్టింది, సంజీవరెడ్డి తానే వెళ్లిపోయారు. కారణాలు వేరైనా, ఆ చదువులు తిరిగి కొనసాగలేదు.

4. ఉస్మానియా: నిషేధం, సమ్మె

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. ఇంగ్లీషు తప్పనిసరి భాషగా ఉండేది. పాఠ్యగ్రంథాల కోసం ప్రత్యేకంగా అనువాద సంస్థ పనిచేసింది. తెలుగు, మరాఠీ, కన్నడం మాతృభాషలైన విద్యార్థులు కూడా ఉర్దూలోనే ఉన్నతవిద్య అభ్యసించేవారు.

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పై నిషేధం, దానికి ప్రతిగా సత్యాగ్రహం, మరొకవైపు ఆర్యసమాజ ఆందోళన రాజ్యాన్ని కుదిపివేశాయి. ఈ వాతావరణంలోనే వసతిగృహ ప్రార్థనామందిరంలో విద్యార్థులు వందేమాతరం ఆలపించడాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మెకు దిగారు. వరంగల్, ఔరంగాబాద్ వంటి పట్టణాల విద్యార్థులూ ఉద్యమంలో చేరారు. వందలాది మంది వసతిగృహాల నుండి, ఆపైన విద్యాసంస్థల నుండి బహిష్కృతులయ్యారు. విద్యా సంవత్సరం నడుమ ఇది జరగడం వల్ల పరీక్షలు, ఏడాది శ్రమ రెండూ ప్రమాదంలో పడ్డాయి.

5. నాగపూర్: తెరుచుకున్న తలుపు

1938 నాటి పరిస్థితి 1907 కంటే రెండు విధాల భిన్నం. మొదటిది, విశ్వవిద్యాలయాల సంఖ్య పెరిగింది. నాగపూర్ (1923), ఆంధ్ర (1926), అణ్ణామలై (1929) అప్పటికే ఏర్పడ్డాయి. రెండవది, నిజాం అధికారం రాజ్యపు సరిహద్దు వద్దనే ఆగిపోయింది. ఆవలి మధ్యపరగణాలలో 1937 నుండి కాంగ్రెస్ మంత్రివర్గం ఉంది. నాగపూర్ విశ్వవిద్యాలయ ఉపకులపతి టి.జె. కేదార్ బహిష్కృత విద్యార్థులకు ప్రవేశం కల్పించారు. కాజీపేట, బల్లార్షాల మీదుగా నాగపూర్‌కు రైలు సౌకర్యం ఉండడం కూడా అనుకూలించింది.

వరంగల్‌లో చదువుతూ బహిష్కృతులైన పి.వి. నరసింహారావు ఈ తరానికి ప్రసిద్ధ ఉదాహరణ. పూణేలోని ఫెర్గూసన్ కళాశాలలో, నాగపూర్ విశ్వవిద్యాలయంలో ఆయన చదువు కొనసాగి న్యాయశాస్త్ర పట్టాతో ముగిసింది. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ఆయన ‘అబలా జీవితం’ పేరుతో తెలుగులోకి అనువదించారు. ఆ కృషిని మరాఠీ సీమలో గడిచిన విద్యార్థి దశ నుండి విడదీసి చూడలేం.

6. బదిలీ మూల్యం

ఈ బదిలీని కేవలం విజయగాథగా చూడడం అసమగ్రం. ఉర్దూలో శాస్త్రాలు చదివిన విద్యార్థి ఇంగ్లీషు మాధ్యమంలో అవే విషయాలను మళ్లీ అందుకోవలసి వచ్చింది. పరాయి ప్రాంతంలో బస, భోజనం, రుసుముల భారం కుటుంబంపై పడింది. నాగపూర్ తలుపు తెరిచినా, అక్కడికి చేరి నిలదొక్కుకోవడానికి ఆర్థిక స్తోమత కావాలి. చదువు కొనసాగించిన వారి పేర్లు ప్రవేశ పట్టికల్లో, పట్టాలలో, జీవితచరిత్రలలో నిలిచాయి. ఊరికి తిరిగి వెళ్లిపోయిన వారి ఆనవాళ్లు అటువంటి పత్రాలలో మిగలవు. అందువల్ల ప్రముఖుల జీవితాల ఆధారంగా మొత్తం బహిష్కృతుల అనుభవాన్ని అంచనా వేయడం తగదు.

7. ఉపసంహారం

1907లో బహిష్కరణ, 1931లో విరమణ, 1938లో బదిలీ అనే మూడు దశలు తెలుగువారి ఉన్నతవిద్యా చరిత్రలో మూడు భిన్న పరిస్థితులకు నిదర్శనాలు. మూడింటా విద్యార్థుల నిబద్ధత ఒకటే, తేడా వ్యవస్థలో ఉంది. ఒక విశ్వవిద్యాలయం వేసిన శిక్షను మరొక విశ్వవిద్యాలయం తన శిక్షగా స్వీకరించకపోవడం వల్లనే 1938లో పలువురి చదువు నిలిచింది. విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తి పాలకవర్గపు హక్కుగానే చర్చకు వస్తుంటుంది. అది విద్యార్థికి రక్షణ కూడా కాగలదని నాగపూర్ ప్రవేశాలు నిరూపించాయి. ఉద్యమ చరిత్రను విద్యాచరిత్రతో కలిపి అధ్యయనం చేసినప్పుడే, బహిష్కరణ ఉత్తర్వు తరువాత మొదలైన ఈ రెండవ కథ వెలుగులోకి వస్తుంది.